డార్క్‌టేబుల్ రివ్యూ: రాత్రి పెళ్లి ఫోటోల్లో నాయిస్, రంగులు – పది నెలలు వాడాక

పోయినేడు శ్రావణంలో మా పెద్దమ్మ కొడుకు పెళ్లి గుంటూరులో జరిగింది, ముహూర్తం తెల్లవారుజామున మూడు దాటాక. మండపం వెనక డెకరేషన్ మొత్తం వంకాయ రంగు ఎల్ఈడీలు, ముందు నుంచి వీడియో వాళ్ళ పసుపు ఫోకస్ లైటు, పక్కనుంచి తెల్ల ట్యూబ్ లైట్లు, అంటే ఒకే మొహం మీద మూడు రంగుల వెలుగు. స్టూడియో వాళ్ళు రెండు నెలల తర్వాత కరిజ్మా ఆల్బమ్ ఇచ్చారు. అందులో మా అమ్మమ్మ అక్షింతలు వేస్తున్న ఫోటో ఒకటి ఉంది, అది చూసి ఇంట్లో కాసేపు ఎవరం ఏం మాట్లాడలేదు. నాయిస్, అంటే చీకట్లో తీసిన ఫోటోల్లో వచ్చే చుక్కల గరుకు, తీయడానికి ఎంత నున్నగా చేశారంటే మొహం మైనం ముద్దలాగా అయిపోయింది, నుదుటి మీద గీతల్లేవు, జరీ అంచు పసుపు పెయింట్ పూసినట్టు ఉంది, చామనఛాయ మనిషిని పాలిపోయిన తెలుపు చేసిపెట్టారు. అన్నిటికంటే నాకు బాధేసింది పచ్చబొట్టు చూసి. ఆమె ఎడం చేతి మీద తేలు బొమ్మ ఉండేది, చిన్నప్పుడు ఎప్పుడో తిరణాలలో పొడిపించుకుందంట, మేం పిల్లలందరం ఆ తేలుని వేలితో తడుముతూ నిద్రపోయినోళ్ళమే. ఆల్బమ్‌లో ఆ చేతి మీద ఏమీ లేదు.

కార్తీకంలో అమ్మమ్మ పోయింది. ఫ్రేము కట్టించడానికి మంచి ఫోటో కావాలని వెతికితే ఈమధ్య తీసింది ఆ పెళ్లిదే. స్టూడియో వాళ్ళని ఒరిజినల్ ఫైల్స్ అడిగితే కార్డులు ఫార్మాట్ చేసేశాం అన్నారు. అదృష్టం ఏందంటే ఆ రోజు నేను కూడా నా పాత నికాన్ డీ5300, దానికి 35 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు వేసుకుని తిరిగా, రా ఫార్మాట్‌లో తీశా, అంటే కెమెరా తన మెరుగులు దిద్దకుండా సెన్సర్ పట్టిన వెలుగుని ఉన్నదున్నట్టు దాచే ఫైల్. ఐఎస్ఓ, అంటే పడిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె, 6400. లాప్‌టాప్‌లో తెరిచి చూస్తే చీకట్లో ఎరుపు, ఆకుపచ్చ, ఊదా చుక్కలు చీమల పుట్ట కదిలినట్టు ఉన్నాయి. వీటిని బాగుచేయడానికే డార్క్‌టేబుల్ పట్టుకున్నా. పది నెలలయింది, ఇప్పుడు దీని గురించి ధైర్యంగా చెప్పగలను అనిపించి రాస్తున్నా.

తెలియనోళ్ళకి: డార్క్‌టేబుల్ రా ఫోటోలు డెవలప్ చేసే సాఫ్ట్‌వేర్, 2009 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్, పూర్తిగా ఫ్రీ, విండోస్ మ్యాక్ లినక్స్ మూడింట్లో నడుస్తుంది. వాలంటీర్లు రాస్తున్నారు, ఏడాదికి రెండుసార్లు కొత్త వెర్షన్ వస్తూ ఉంటుంది. మీ అసలు ఫైల్‌ని ముట్టుకోదు, మీరు చేసిన మార్పులన్నీ పక్కన చిన్న ఎక్స్ఎంపీ ఫైల్‌లో రాసుకుంటుంది. ఇది నాకు చాలా పెద్ద విషయం. అమ్మమ్మ ఫోటో మీద ఎన్ని ప్రయోగాలు చేసినా చెడిపోయిద్దేమో అన్న భయం లేదు, నాలుగు నెలల తర్వాత మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టా కూడా.

రివ్యూలోకి వెళ్ళే ముందు ఈ నాయిస్ ఎక్కడినుంచి వచ్చిద్దో కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ సాఫ్ట్‌వేర్‌లో ఏ మీట ఎందుకు జరపాలో అర్థం కాదు. చినుకులు పడటం మొదలైనప్పుడు వాకిట్లో రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టండి, ఒకదాంట్లో ఏడు చినుకులు పడితే ఇంకోదాంట్లో పన్నెండు పడతాయి. అదే వాన దంచి కొడితే రెండింట్లో నీళ్ళు దాదాపు సమానం. సెన్సర్ మీద పడే వెలుగు కూడా చినుకుల్లాగే వచ్చిద్ది. ఒక పిక్సెల్‌కి 100 ఫోటాన్లు రావాల్సి ఉంటే పదో పరకో అటూ ఇటూ అవుతాయి, అంటే పది శాతం తేడా. 10,000 వస్తే తేడా ఓ వంద, అంటే ఒక్క శాతం. కంటికి కనపడే గరుకు ఎక్కువగా ఇదే. అందుకే ఐఎస్ఓ పెంచితే నాయిస్ వచ్చిద్ది అనేది సగమే నిజం, వెలుగు తక్కువ పడింది కాబట్టి నాయిస్ వచ్చింది, తక్కువ పడింది కాబట్టే ఐఎస్ఓ పెంచాల్సి వచ్చింది. మా బావ అదే పెళ్లిలో నాయిస్ రాకూడదని ఐఎస్ఓ 800 దగ్గర లాక్ చేసి అన్నీ చీకటిగా తీశాడు, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెండింతలు) లేపితే నా 6400 ఫోటోలంత గరుకూ వచ్చింది, పైగా నీడల్లో అడ్డగీతలు. "ఐఎస్ఓ తక్కువే పెట్టాను కదరా" అంటాడు. బావా, ఐఎస్ఓ కాదు, షట్టర్ సెకనులో 1/400 వంతే తెరిచి పెట్టావు, వెలుగు లోపలికి రానిస్తే కదా!

షట్టర్ అన్నా కాబట్టి ఇంకోటి. మన కరెంటు 50 హెర్ట్‌జ్, చౌక ఎల్ఈడీలు, ట్యూబ్ లైట్లు చాలావరకు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 1/400, 1/500లో తీస్తే ఒక ఫోటో కాంతిగా ఒకటి మసగ్గా, ఒక్కోసారి ఒకే ఫోటోలో సగం పసుపు సగం నీలం పట్టీలు. దీన్ని ఏ సాఫ్ట్‌వేర్‌లో సరిచేయాలన్నా గంటల పని. 1/100 గానీ 1/50 గానీ పెడితే చాలావరకు పోయిద్ది. నా ఫోటోలు బతికి బయటపడింది 1/100లో తీయబట్టే.

ఇప్పుడు అసలు విషయం. అందరూ చేసే పొరపాటే నేనూ చేశా, రా ఫైల్ తెరవగానే నాయిస్ తీసే డీనాయిజ్ మీద పడ్డా. అది కాదు వరస, ముందు రంగు సరిచేయాలి, తర్వాతే నాయిస్ జోలికి పోవాలి. ఎందుకంటే పసుపు లైటులో నీలం వెలుగు చాలా తక్కువ ఉంటుంది, వైట్ బ్యాలెన్స్ సరిచేయడం అంటే ఆ కొంచెం నీలాన్ని రెండింతలో అంతకన్నా ఎక్కువో చేసి లేపడమే, నీలంతో పాటు నీలంలో ఉన్న నాయిస్ కూడా లేచిద్ది. నల్ల జుట్టులో, ముదురు రంగు కోటుల్లో ఊదా మచ్చలు కనపడేది అందుకే. రంగు సెట్ చేయకముందే నాయిస్ తీశారనుకోండి, రంగు మార్చగానే లెక్క మొత్తం తారుమారు. ఎక్స్‌పోజర్, అంటే ఫోటో మొత్తానికి ఎంత వెలుగు అన్నది, కూడా అంతే, ముందు దాన్ని సెట్ చేసుకోవాలి.

డార్క్‌టేబుల్‌లో రంగు పని ఎక్కువ భాగం కలర్ కాలిబ్రేషన్ అనే మాడ్యూల్‌లో జరుగుద్ది. పికర్ తీసుకుని ఫోటోలో రంగులేని చోటు, అంటే తెలుపో బూడిదో ఉన్న చోటు చూపిస్తే అక్కడ పడిన లైటు ఏ రంగుదో లెక్కేసి మొత్తం ఫోటోని దాని ప్రకారం మార్చుద్ది. వినడానికి తేలికే, కానీ మన పెళ్లిలో తెల్లటి వస్తువు వెతికి చూడండి. నేను ముందు మధుపర్కాల మీద పెట్టా, తెల్ల బట్టే కదా అని. అంతే, అందరి మొహాలూ నీలంగా పాలిపోయి చలిలో నిలబెట్టినట్టు అయ్యాయి. మధుపర్కాలు తెలుపు కాదు, పసుపు నీళ్ళలో ముంచి ఆరేసిన బట్ట, ఆ పసుపుని పట్టుకుని "ఇది తెలుపు" అని చెప్తే సాఫ్ట్‌వేర్ మొత్తానికి పసుపు తగ్గించి నీలం పోసింది. తలంబ్రాలు పసుపు, అక్షింతలు పసుపు, పంతులుగారి పంచె మీద వెనక ఎల్ఈడీ ఊదా పడుతోంది, స్టీలు పళ్ళెం చుట్టూ ఉన్న రంగులన్నీ చూపిస్తోంది. ఆఖరికి అమ్మమ్మ నెరిసిన జుట్టు మీద పికర్ పెట్టా. మొహం మీద పడ్డ వెలుగే జుట్టు మీదా పడుతుంది, పండిపోయిన జుట్టుకి సొంత రంగు దాదాపు ఉండదు. ఒక్క క్షణంలో ఆమె మొహం నాకు తెలిసిన మొహం అయింది. కొబ్బరినూనె వల్ల జుట్టులో కాస్త పసుపు జీర ఉంటుంది కాబట్టి తర్వాత చేత్తో కొద్దిగా వెచ్చదనం కలిపా.

దీంట్లో నాకు బాగా నచ్చింది ఏందంటే ఇదే మాడ్యూల్‌ని రెండోసారి, మూడోసారి కూడా వేసుకోవచ్చు, ప్రతిదానికీ మాస్క్, అంటే అది ఏ చోట మాత్రమే పనిచేయాలో చెప్పే హద్దు, గీసుకోవచ్చు. ముందున్న మనుషుల మీద పసుపు లైటు, వెనక డెకరేషన్ మీద వంకాయ లైటు, ఒకటి సరిచేస్తే రెండోది చెడిపోయే కేసు ఇది. నేను మొదటిది మొత్తం ఫోటోకి మనుషుల లెక్కన పెట్టా, రెండోది అమ్మమ్మ భుజం, బుగ్గ పక్కన ఊదా రంగు అంటుకున్న చోట మాత్రమే మాస్క్ గీసి పెట్టా, అంచులు బాగా మెత్తగా కలిసేటట్టు. ఆ బుగ్గ మీద ఊదా పోగానే మొహం గుండ్రంగా, నిండుగా వచ్చింది. ఎల్ఈడీ నీలాలు మరీ ఎక్కువై ముద్దగట్టి మెరిసే చోట గ్యామట్ కంప్రెషన్ అనే స్లైడర్ ఉంది, కొంచెం పెంచితే ఆ ముద్దలో మళ్ళీ పూల ఆకారాలు కనపడతాయి.

ఎరుపు గురించి కూడా చెప్పాలి, మన ప్రాంతంలో ఎరుపు లేని ఫోటో ఉండదు. మిర్చి యార్డులో కాయల రాశులు తీయండి, దసరాకి ఇంద్రకీలాద్రి దగ్గర ఎర్ర బట్టల భవానీలని తీయండి, కెమెరాలో మామూలు హిస్టోగ్రాం, అంటే ఎడమ చీకటి నుంచి కుడి వెలుగు దాకా చూపించే గ్రాఫ్, చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, కానీ ఆర్‌జీబీ హిస్టోగ్రాం విడివిడిగా చూస్తే ఎరుపు ఒక్కటే కుడి గోడకి గుద్దుకుని ఉంటుంది. ఎరుపు నిండిపోయాక అందులో మడతలు, కాయ కాయకీ మధ్య గీత, ఏవీ మిగలవు, ఎర్ర ముద్ద. డార్క్‌టేబుల్‌లో హైలైట్ రీకన్‌స్ట్రక్షన్ అని ఉంది, మిగతా రెండు రంగుల్లో మిగిలిన సమాచారం పట్టుకుని కొంత వెనక్కి తెచ్చుద్ది, బాగానే చేస్తది, కానీ మూడు రంగులూ పోయిన చోట ఏ దేవుడూ తేలేడు. పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర తీసేటప్పుడు అర స్టాపు తగ్గించి తీయడమే మందు.

సరే, నాయిస్. మాడ్యూల్ పేరు డీనాయిజ్ ప్రొఫైల్డ్. దీని గొప్పతనం పేరులోనే ఉంది. ఒక్కో కెమెరా మోడల్ ఒక్కో ఐఎస్ఓ దగ్గర ఎంత నాయిస్ ఇస్తుందో ముందే కొలిచి ప్రొఫైల్స్ పెట్టారు. మీరు మాడ్యూల్ ఆన్ చేయగానే ఫోటోలోనే కెమెరా రాసిపెట్టే వివరాలు (ఎక్సిఫ్) చదివి, ఇది ఫలానా కెమెరా, ఫలానా ఐఎస్ఓ అని తెలుసుకుని దానికి తగ్గట్టు మొదలుపెట్టుద్ది. గుడ్డిగా ఫోటో మొత్తాన్ని నునుపు చేయదు, చీకటి చోట ఎంత, వెలుగు చోట ఎంత అన్న లెక్కతో చేస్తది. నా డీ5300కి ప్రొఫైల్ ఉంది, పదేళ్ళు దాటిన కెమెరా అయినా.

వేవ్‌లెట్స్ మోడ్‌లో రెండు ట్యాబులు ఉంటాయి, వై0 అని ఒకటి, యూ0వీ0 అని ఒకటి. ఈ రెండింటి తేడా పట్టుబడితే సగం విద్య వచ్చినట్టే. వై0 వెలుగు నీడల గరుకు, అంటే ఇసుక చల్లినట్టు కనపడేది. యూ0వీ0 రంగు నాయిస్, అంటే చీమల్లాగా ఎరుపు ఆకుపచ్చ చుక్కలు, నీడల్లో పెద్ద పెద్ద రంగు మచ్చలు. మనిషి కన్ను వెలుగు నీడల్లో చిన్న తేడాని కూడా పట్టుకుంటుంది, రంగులో సన్న తేడాలు అంతగా పట్టుకోదు. కాబట్టి రంగు మచ్చల్ని గట్టిగా తుడిచినా ఫోటో పాడైనట్టు అనిపించదు, ఇసుకని గట్టిగా తుడిస్తే మాత్రం మొహం వెంటనే మైనం అయిపోయిద్ది. ఆ స్టూడియో వాళ్ళు చేసింది అదే, రెండూ కలిపి ఒకే స్లైడర్‌తో లాగేశారు. నా పద్ధతి ఏందంటే యూ0వీ0 బాగా పెంచుతా, ముఖ్యంగా పెద్ద మచ్చలు ఉండే వైపు, వై0 బాగా తగ్గించేస్తా, అసలు ఇసుక కొంచెం ఉంచేస్తా. ఉంచాలి కూడా. నుదుటి గీతలు, చీర నేత, కనుబొమ్మ వెంట్రుకలు అన్నీ ఆ ఇసుకలోనే దాక్కుని ఉంటాయి, ఇసుక మొత్తం ఊడ్చేస్తే అవీ పోతాయి.

ఇలా చేసి చాలా సంతోషపడ్డా, మొహం అద్భుతంగా వచ్చింది. తర్వాత చేతి దగ్గరకి జూమ్ చేశా. తేలు ఉంది, కానీ మట్టి రంగులో ఉంది. పచ్చబొట్టు పచ్చ పోయింది.

ఎందుకో ఆలోచిస్తే అర్థమయింది. పచ్చబొట్టు గీత సన్నగా, చామనఛాయ చర్మం మీద కొంచెం ఆకుపచ్చ జీర, అంతే కదా. సాఫ్ట్‌వేర్ లెక్కలో సన్నటి ఆకుపచ్చ జీరకీ రంగు నాయిస్ చుక్కకీ పెద్ద తేడా లేదు, చుట్టూ ఉన్న గోధుమ రంగుని దాని మీదకి పరిచేసింది. గీత ఆకారం వై0లో మిగిలింది, రంగు యూ0వీ0లో పోయింది. ఇంట్లో వేరేవాళ్ళెవరికైనా చూపిస్తే చేతికి మసి అంటింది అనుకుంటారు. ఆ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నా. మాస్క్‌లో చేయి చుట్టూ గీత గీసి, దాన్ని తిరగేసి, ఆ చేయి తప్ప మిగతా అంతటికీ గట్టి డీనాయిజ్ పనిచేసేట్టు పెట్టా, చేతికి మాత్రం అదే మాడ్యూల్ రెండోది వేసి యూ0వీ0 సగానికి తగ్గించా. చర్మం మీద రంగు చుక్కలు నాలుగు మిగిలాయి, మిగలనీ. తేలు తోక కొనదాకా ఆకుపచ్చగా వచ్చింది, తోక దగ్గర ఒక చుక్క విడిగా ఉండేది, అది కూడా.

ఈ కంట్రోల్ కోసమే నేను డార్క్‌టేబుల్‌కి ఎక్కువ మార్కులేస్తా. ఒక్క బటన్ నొక్కితే ఏఐ నాయిస్ తీసేసే పెయిడ్ సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, ఫ్రెండ్ లాప్‌టాప్‌లో ఒకదాంతో ఇదే ఫోటో చేసి చూశా. అబద్ధం చెప్పను, కళ్ళు, నగలు, బార్డరు చాలా షార్ప్‌గా వచ్చాయి, ఐదు నిమిషాల పని, బర్త్‌డే ఫంక్షన్ ఫోటోలు వందలకొద్దీ చేసేవాళ్ళకి అదే మంచిది. కానీ వెనక వరుసలో చిన్నగా ఉన్న మొహాల్లో ఇద్దరికి లేని కనురెప్పలు పుట్టుకొచ్చాయి, మా చిన్నమామయ్య మొహం వేరే ఎవరిదోలా ఉంది. అది ఉన్నదాన్ని బయటికి తీయట్లేదు, ఉండొచ్చు అనుకున్నది గీస్తోంది. పోయిన మనిషి ఫోటోలో అలా గీసింది నాకు వద్దు. నేను వాడిన డార్క్‌టేబుల్ వెర్షన్‌లో ఇలాంటి ఏఐ డీనాయిజ్ లేదు, నాకది లోటు అనిపించలేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. మొదటిసారి తెరిచినప్పుడు ఎడమా కుడీ మాడ్యూల్సే మాడ్యూల్సు, ఒకే పనికి నాలుగు దారులు, నాయిస్‌కే డీనాయిజ్ ప్రొఫైల్డ్, రా డీనాయిజ్, ఆస్ట్రోఫోటో డీనాయిజ్, సర్ఫేస్ బ్లర్, ఏది ముట్టుకోవాలో తెలీదు. మొదటి నెల మొత్తం తికమకే. నా సలహా ఎక్స్‌పోజర్, కలర్ కాలిబ్రేషన్, డీనాయిజ్ ప్రొఫైల్డ్, లెన్స్ కరెక్షన్, టోన్ కోసం సిగ్మాయిడ్ గానీ ఫిల్మిక్ గానీ ఒక్కటి, ఇవి మాత్రం ముందు నేర్చుకోండి, మిగతావి ఉన్నాయని మర్చిపోండి. ఇంకోటి, రా ఫైల్ తెరవగానే కెమెరా జేపెగ్ కన్నా డల్‌గా కనపడుద్ది, అది తప్పు కాదు, వంట ఇంకా మీరు మొదలెట్టలేదని అర్థం. లాప్‌టాప్ కూడా కాస్త గట్టిది కావాలి, నాది 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్ కార్డు లేదు, డీనాయిజ్ రెండు సార్లు వేసి మాస్క్ గీస్తే ప్రతి మార్పుకీ రెండు మూడు సెకన్లు ఆగాలి. నేనైతే డీనాయిజ్‌ని ఆఫ్ చేసి మిగతా పనంతా చేసుకుని చివర్లో ఆన్ చేస్తా. ఇంకా తెలుగులో ట్యుటోరియల్స్ దొరకడం కష్టం. మాన్యువల్ మాత్రం చాలా బాగుంది, ఇంగ్లీషులో ఉంది, ఓపిగ్గా చదివితే ప్రతి మీటా ఏం చేస్తదో రాశారు.

నేను చేసిన ఇంకో తప్పు చెప్తా, మీకు రాకూడదని. మొదటి వారం పది ఫోటోలు రాత్రిపూట చేశా, పొద్దున ఫోన్‌లో చూస్తే అన్నీ నీలంగా ఉన్నాయి. లాప్‌టాప్‌లో నైట్ లైట్ ఆన్‌లో ఉంది! రాత్రి పదికి స్క్రీన్ దానంతటదే పసుపెక్కిద్ది, నేను ఆ పసుపుని ఫోటోలో ఉందనుకుని తీసేస్తూ పోయా. రంగు పని చేసేటప్పుడు నైట్ లైట్ ఆపండి, స్క్రీన్ బ్రైట్‌నెస్ ఫుల్‌లో పెట్టకండి, ఫుల్‌లో చూసి చేస్తే ప్రింటు చీకటిగా వచ్చిద్ది. గది గోడ కూడా చూసుకోండి, మా గదిలో గులాబీ రంగు గోడకి ఎదురుగా కూర్చుని చేసిన ఫోటోలన్నిట్లో రంగు కొంచెం తేడా వచ్చింది.

నాయిస్‌ని 100 శాతం జూమ్‌లో చూసి సెట్ చేయాలి అంటారు, నిజమే, కానీ అక్కడే కూర్చుండిపోకండి. నా కెమెరా ఫోటో 6000 పిక్సెల్స్ వెడల్పు, 4000 ఎత్తు, ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ మీద 100 శాతంలో కనపడేది అందులో దాదాపు పన్నెండో వంతు ముక్క. దాన్నే 12×8 అంగుళాల ప్రింటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) వేస్తే కావాల్సింది 3600×2400, అంటే రెండు మూడు పిక్సెల్స్ కలిసి ఒక చుక్క అవుతాయి, అక్కడికే గరుకు చాలా తగ్గిపోయిద్ది. స్క్రీన్ మీద భయపెట్టిన ఇసుక కాగితం మీద కనపడదు, పైగా మొహానికి ఒక జీవం ఇస్తది. స్క్రీన్ చూసి భయపడి ఇంకొంచెం ఇంకొంచెం అని నున్నగా చేసిన వెర్షన్ కూడా ప్రింటు వేయించి పక్కన పెట్టి చూశా. తేడా మా ఆవిడ కూడా వెంటనే చెప్పింది, "ఇందులో అమ్మమ్మ ఉంది, అందులో బొమ్మ ఉంది" అని.

మధ్యలో చిన్న పక్కదారి. సీతానగరం వైపు నుంచి ప్రకాశం బ్యారేజీని రాత్రి తీసే అలవాటున్న వాళ్ళకి ఇంకో దారి ఉంది, ట్రైపాడ్ మీద ఒకే ఫ్రేమ్ 16 సార్లు తీసి సగటు కట్టడం. నాలుగు ఫోటోల సగటుకి నాయిస్ సగం అయిద్ది, పదహారుకి నాలుగోవంతు. ఒక్క వివరం కూడా పోకుండా నాయిస్ తగ్గే పద్ధతి ఇది, 70 గేట్ల నీడలు కృష్ణలో ఎంత శుభ్రంగా వస్తాయో చూడాలి. సగటు కట్టే పని వేరే ఫ్రీ టూల్స్‌లో చేసి తర్వాత డార్క్‌టేబుల్‌లో రంగు చేసుకుంటా. ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ పెడితే వచ్చే మెరిసే చుక్కలకి హాట్ పిక్సెల్స్ మాడ్యూల్ ఉంది, ఆన్ చేస్తే చాలు. పాత సోడియం దీపాల కింద తీసిన ఫోటోలకి మాత్రం ఆశ పెట్టుకోకండి, ఆ వెలుగులో నీలం దాదాపు ఉండదు, లేని రంగుని లేపితే వచ్చేది నాయిసే. వాటిని నేను బ్లాక్ అండ్ వైట్ చేసేస్తా.

ప్రింటు గవర్నర్‌పేటలో ఒక ల్యాబ్‌లో వేయించా. ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల ప్రమాణంలో ఎక్స్‌పోర్ట్ చేసి, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి, "అన్నా, మీ మెషిన్లో ఆటో కరెక్షన్ ఆపేసి ఉన్నది ఉన్నట్టు వేయండి" అని అడిగా. చాలామందికి ఈ మాట అడగాలని తెలీదు, ఇంత కష్టపడి సెట్ చేసిన రంగుని మెషిన్ మళ్ళీ తన ఇష్టం వచ్చినట్టు మార్చేసిద్ది. ఆయన ముందు ఒక చిన్న ముక్క టెస్ట్ ప్రింటు వేసి చూపించారు, కొంచెం ముదురుగా అనిపిస్తే ఇంటికెళ్ళి పావు స్టాపు పెంచి మర్నాడు మళ్ళీ తెచ్చా. 12×18 మ్యాట్ ఫినిష్, గ్లాసీ వద్దన్నా, ఫ్రేమ్ అద్దం మీద ఎలాగూ మెరుపు ఉంటుంది.

మార్కులు అడిగితే రంగుకి పదికి తొమ్మిది, నాయిస్‌కి తొమ్మిది, నేర్చుకోవడానికి ఉండే తేలికకి నాలుగే. వారానికి ఐదొందల ఫోటోలు ఇవ్వాల్సిన పని ఉన్నోళ్ళకి గట్టిగా చెప్పను. ఇంట్లో బీరువాలోనో పాత హార్డ్‌డిస్క్‌లోనో చీకట్లో తీసిన రా ఫైల్స్ ఉండి, వాటిలో మనవాళ్ళు ఉంటే మాత్రం వెంటనే ఇన్‌స్టాల్ చేయండి. కొత్తగా తీసేవాళ్ళు కూడా ఫంక్షన్లలో కెమెరాని రా ప్లస్ జేపెగ్‌లో పెట్టుకోండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ రాలో 16,384, ఊదా లైటులో తీసిన మొహాన్ని వెనక్కి తేవాలంటే ఆ మెట్లన్నీ కావాలి.

పోయిన ఆదివారం ఫ్రేము తీసుకుని బ్రాడీపేటలో పెద్దమ్మ వాళ్ళింటికెళ్ళా, సంవత్సరీకానికి ఇంకా టైముంది కానీ ఆగలేకపోయా. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది, మొహం గురించి ఏమీ అనలేదు. అద్దం మీద చేయి దగ్గర వేలు పెట్టి, "తోక దగ్గర చుక్క చూడు, అది పొడిచేటప్పుడు అమ్మ చేయి లాగేసుకుందంట, అందుకే పక్కకి పడింది" అంది. ఆ సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలీదు.